జలపతి సారు ఉక్కు దిమ్మె

జలపతి సారుకు ఉన్న పిచ్చి ఒక్కటే. వేడిగా ఏది కనిపించినా అందులో థర్మామీటర్ ముంచేవారు. ముంచి ఊరుకుంటే దాన్ని పిచ్చి అనేవారు కాదు, కెమిస్ట్రీ అనేవారు. ఆయన ఆ అంకెను కూరగాయలమ్మే గొంతుతో నలుగురికీ వినపడేలా అరిచేవారు.

జగిత్యాలలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన కెమిస్ట్రీ చెప్పేవారు. పదకొండు గంటలకు ల్యాబ్ అసిస్టెంట్ పుష్ప స్టాఫ్‌రూంకు చాయ తెచ్చి గ్లాసుల్లో పోయడం ఆలస్యం, సారు జేబులోంచి గాజుకడ్డీ తీసేవారు.

"డెబ్బై తొమ్మిది! ముట్టకుండ్రి!"

అప్పటికే గ్లాసు పట్టుకోబోయిన ఇంగ్లిష్ లెక్చరర్ చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. "సార్, ఇది చాయనా, యాసిడా?"

"యాసిడ్ అయితె ఇంత ఉడుకుండదు."

కాలేజీ గేటు ముందు లస్మవ్వ మిర్చి బజ్జీల బండి ఉండేది. సాయంత్రం స్టాఫంతా అక్కడ ఆగేవారు. పుష్ప పొట్లం కోసం చెయ్యి చాపేలోగా సారు పరిగెత్తుకొచ్చి, బజ్జీ కడుపులో గాజుకడ్డీ గుచ్చి అంకె చదివేవారు. లస్మవ్వకు ఒళ్ళు మండిపోయేది.

"సారూ, నా బజ్జీలకేమన్న జరమొచ్చిందా? నువ్వు గట్ల సూదులు గుచ్చుతుంటె గిరాకోళ్ళు పారిపోతున్నరు."

"జరం గాదవ్వా, ఇది లోపట ఉడుకు, అంచుకు సల్ల. పైన ముట్టి చూసి సల్లగుందనుకుంటరు, మోసపోతరు."

లోపల ఉడుకు, అంచుకు చల్ల. ఆయన ఈ లోకం మీద చేసే ఫిర్యాదంతా ఈ నాలుగు మాటల్లో ఉండేది. వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథి దీపం వెలిగించాక, కుందిని పక్కకు జరపడానికి పుష్ప వంగింది. సారు కింది వరుసలోంచి కుర్చీలు దాటుకుంటూ వేదికెక్కి, కుందికి కడ్డీ ఆనించి, మైకులో వినపడేంత దగ్గరగా "యాభై ఎనిమిది!" అన్నారు. ముఖ్య అతిథి అది తన వయసనుకుని, తనకింకా యాభై ఆరేనని సవరించాడు.

ఈ గోలలో అందరికంటే ఎక్కువ విసిగిపోయింది పుష్ప. ఆమెది మల్లాపూర్. అమ్మానాన్నలకు సొంత భూమి లేదు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు ఎవరు పిలిస్తే వాళ్ళ పొలానికి పోయేవాళ్ళు. ఆ ఇంట్లోంచి డిగ్రీ దాకా చదువుకుని, తెల్ల కోటు వేసుకుని ల్యాబ్‌లో నిలబడ్డ మొదటి మనిషి ఆమె. అలాంటి మనిషి బీకర్ మీద చెయ్యి వేయబోయిన ప్రతిసారీ, ల్యాబంతా వినేలా "ఆగమ్మా! ఎనభై నాలుగు!" అని వెనక నుంచి కేక పడేది. తనకు పని రాదని సారు పిల్లల ముందు చాటింపు వేస్తున్నట్టు ఆమెకు అనిపించేది.

ఆ కేకలు ఆమెకు గుచ్చుకోవడానికి ఇంకో కారణం ఉంది. చిన్నప్పుడు పుష్పకు కుష్ఠు సోకింది. మిషన్ ఆసుపత్రిలో మందులు మింగితే పూర్తిగా నయమైంది. కానీ ఆ జబ్బు పోతూ పోతూ ఆమె వేళ్ళ స్పర్శను వెంట తీసుకుపోయింది. వేళ్ళు చూడటానికి అందరి వేళ్ళలాగే ఉంటాయి. ఉడుకో చల్లో, గట్టిగా పట్టుకున్నదో వదులుగా పట్టుకున్నదో వాటికి తెలియదు. ఈ సంగతి ఆమె కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. జబ్బు పేరు చెబితే, నయమైందన్న మాట వినేదాకా ఎవరూ అక్కడ నిలబడరని ఆమెకు బాగా తెలుసు.

అందువల్ల ల్యాబ్‌లో గాజుసామాను కొంచెం ఎక్కువగానే పగిలేది. పగిలినప్పుడల్లా ప్రిన్సిపాల్ వచ్చేవాడు. ఆయన వెంటే జలపతి సారూ వచ్చేవారు.

"మళ్ళ పల్గిందా? ఈ పిల్లను తీసేసి ఇంకొకర్ని పెట్టుకుందాం సార్. మా బామ్మర్ది బిడ్డ ఖాళీగనే ఉన్నది."

"సార్, తప్పు పుష్పది గాదు. గాజుది గాదు. గీ ముసలి హాట్‌ప్లేటుది. నడిమిట్ల మసులుతది, అంచుకు సల్లగుంటది. ఒక దిక్కు ఉడుకు, ఒక దిక్కు సల్ల అయితె గాజు పల్గక ఏం జేస్తది?"

"ప్లేటు కొన్న కాణ్ణుంచి గట్లనే ఉన్నది గదా?"

"అందుకె కొన్న కాణ్ణుంచి పల్గుతున్నది."

ఒకరోజు ప్రిన్సిపాల్ విసిగిపోయి తేల్చేశాడు. "అయితె అన్ని దిక్కుల సమానంగ కాగే సామాను తెండ్రి సార్. దాని మీద గూడ పల్గిందనుకో, తప్పు పిల్లదే. అప్పుడు నేనేం జేసినా మీరు అడ్డం రావద్దు."

"మాటేనా?"

"మాటే."

ఈయన తనను కాపాడుతున్నాడో, తన ఉద్యోగాన్ని పందెంలో పెట్టాడో పుష్పకు అర్థం కాలేదు.

ఆ ఎండాకాలం సారు ఏదో శిక్షణకని హైదరాబాద్ పోయారు. అక్కడ ఒక పరిశోధన సంస్థలో ఆయన పాత విద్యార్థి సంజీవ్ పనిచేసేవాడు. వాడు సారును లోపలికి తీసుకుపోయి ఒక యంత్రం చూపించాడు. సారు తిరిగొచ్చాక కాళ్ళు నేలమీద ఆనలేదు. స్టాఫ్‌రూంలో బల్ల మీద పుష్ప చేత సుద్దపొడి పోయించి పాఠం మొదలుపెట్టారు.

"ఇది ఉక్కు పొడి అనుకోండ్రి. ముగ్గు పిండి లెక్క సన్నగుంటది. యంత్రం దాన్ని పల్సగ పరుస్తది. దాని మీద లేజర్ వచ్చి ముగ్గేస్తది. ముగ్గు పడ్డ కాడ పొడి కరిగి గట్టిగైతది. దాని మీద ఇంకో పొర పొడి, ఇంకో ముగ్గు. అట్ల పొర మీద పొర లేస్తె ఉక్కు సామాను తయారు! అచ్చు లేదు, సుత్తె లేదు!"

"దాంతోటి మనకేం పని సార్?" అన్నాడు ఇంగ్లిష్ లెక్చరర్.

సారు జేబులోంచి బొమ్మ గీసిన కాగితం తీసి పరిచారు. "ఉక్కు దిమ్మె చేపిస్త. పైన టెస్ట్ ట్యూబులు నిలబెట్టే గుంటలు. లోపట వంకర వంకర కాలువలు. మసిలే నీళ్ళు చిన్న మోటరుతోటి ఆ కాలువల్ల తిరుగుతయి. డ్రిల్లు పెడితె బొక్క తిన్నగనే పోతది గదా? ఇందులనైతె కాలువ ప్రతి గుంట చుట్టూ మలుపు తిరిగి పోతది. నడిమి గుంటకెంత ఉడుకో, అంచు గుంటకు గూడ అంతే!"

"మంచిగనే ఉన్నది. మరి ఈ చుట్టు గోడలు గుల్లగ గీసిండ్రేంది?"

"బయిటి దిక్కు ఉడుకు రాకుండ."

"బయిట ఉడుకుగుంటె మనకేంది, సల్లగుంటె మనకేంది?"

సారు ఒక్క క్షణం తడబడ్డారు. "అది డిజైన్," అన్నారు. తెలియనివాళ్ళను నోరు మూయించడానికి అంతకంటే మంచి మాట ఇంకా పుట్టలేదు.

బొమ్మ సంజీవ్‌కు పోయింది. యంత్రానికి ఎలాగూ నమూనా ముక్కలు కావాలి, ఖాళీ దొరికినప్పుడు చేస్తానన్నాడు వాడు. అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గు ఆగింది, దాంతో కరెంటు కూడా ఆగింది. కాలేజీకి తాళం పడింది. తెలంగాణ వచ్చేదాకా ఏదీ కదలదని అందరూ అంటుంటే, దిమ్మె కూడా అందులోకే వస్తుందా అని జలపతి సారు దిగులు పడ్డారు.

ఆ రోజుల్లో కోరుట్లలో రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు తవ్వి, అక్కడే వండి, అక్కడే తిని నిరసన తెలపడమన్నమాట. లెక్చరర్లందరూ పోయారు. పుష్ప ఆడవాళ్ళతో కలిసి అన్నం ఉడికే గంజు గిన్నె దగ్గర నిలబడింది. గంజి వార్చడానికి ఆమె గంజు అంచు మీద చెయ్యి వేయబోయేసరికి జనాన్ని చీల్చుకుంటూ ఒక గాజుకడ్డీ వచ్చింది, దాని వెనకే జలపతి సారు వచ్చారు.

"ఆగుండ్రి! అంచు ఎనభై ఎనిమిది! లోపట మసులుతున్నది!"

అన్నం అంచు దగ్గర ఇంకా పలుకు మీద ఉంది. దాంతో ఆయనకు కోపం వచ్చింది. "సూడుండ్రి! ఈడ గూడ గిదే అన్యాయం!" అని అరిచారు. అన్యాయం అన్న మాట వినపడగానే శిబిరం నడిపే నాయకుడు మైకు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"మంటెక్కడున్నది?" అని సారు మైకులో అడిగారు. "నడుమ! ఉడుకెవరికి దొరుకుతున్నది? నడుమున్నోనికి! అంచుకున్నోడు ఏం పాపం జేసిండు?"

"జై తెలంగాణ!" అని జనం ఊగిపోయారు.

"అంచుకున్నోనికి గూడ సమానంగ అందాలంటె కాలువలు గావాలె! తిన్నగ పోయే కాలువలు గాదు! ప్రతి ఒక్కని ముంగట్నుంచి మలుపు తిరిగి పోయే కాలువలు!"

ఈలలు, చప్పట్లు. వెనక నుంచి ఒక రైతు లేచాడు. "ఎవ్వడు తవ్వడు సార్! మనమే తవ్వుకోవాలె!"

"తవ్వరాదు!" అన్నారు సారు గట్టిగా. "తవ్వితె తిన్నగనే పోతది! పొర మీద పొర ఏసి మనమే కట్టుకోవాలె!"

"కట్టుకుందాం!" అంది రోడ్డంతా. డప్పులు మోగాయి. సారు మెడలో బంతిపూల దండ పడింది. మరునాడు పేపరు జిల్లా పేజీలో "కాలువల కోసం గర్జించిన అధ్యాపకుడు" అని ఫోటో వేశారు. సారు ఆ వార్తను రెండుసార్లు చదివి నిరుత్సాహపడ్డారు.

"స్టెయిన్‌లెస్ స్టీల్ అన్న మాటె ఎయ్యలేదు," అన్నారు.

సమ్మె సాగుతోంది, సంజీవ్ నుంచి కబురు లేదు. సారుకు ఓపిక చచ్చిపోయింది. ఆయన సొంతూరు సిరిసిల్ల. నేత కుటుంబం. భార్య దేవమ్మ అక్కడే ఉండి మగ్గాల షెడ్డు చూసుకునేది, సారు వారానికోసారి పోయి వచ్చేవారు. అరిగిపోయిన మగ్గాల షాఫ్టుల మీద వెల్డింగు పొరలు పోసి మళ్ళీ లావు చేసే బాలరాజు అనే వెల్డర్ ఆ వీధిలోనే ఉన్నాడు. పొర మీద పొరే కదా, మనమే చేసుకుందామన్నారు సారు. టెస్ట్ ట్యూబులు గుంటల్లో సరిపోతాయో లేదో చూడాలని పుష్పను కూడా రమ్మన్నారు. ఆటోలు మారుతూ, కొడిమ్యాల, వేములవాడల మీదుగా ఇద్దరూ సిరిసిల్ల చేరారు.

బొమ్మ చూసి బాలరాజు తల గోక్కున్నాడు. "సార్, పొర పోసుడంటె నేను పోస్త. లోపట బొక్కలు ఉంచుకుంట పోసుడంటె నాతోని గాదు."

"ప్రయత్నం చేద్దాం బాలరాజు."

కరెంటు వచ్చినప్పుడల్లా ప్రయత్నం చేశారు. సాయంత్రానికి తయారైన వస్తువు పనసకాయకు, పుట్టకు మధ్య రకంగా ఉంది. గొట్టం తగిలించి నీళ్ళు వదిలితే అది అన్ని వైపులా చిమ్మింది. సారు కళ్ళద్దాలు తడిశాయి, బాలరాజు చొక్కా తడిసింది, అటుగా పోతున్న మేక బెదిరి పారిపోయింది.

"ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలె సార్," అన్నాడు బాలరాజు ముఖం తుడుచుకుంటూ. "అన్ని దిక్కులకు సమానంగనే కొడుతున్నది."

తడిసిన బట్టలతో ఇంటికి పోతే దేవమ్మ చాయ పెట్టింది. పొగలు కక్కుతున్న చాయ. పుష్ప గ్లాసు ముట్టుకోకుండా, ఇప్పుడు అంకె వినపడుతుందని ఎదురు చూస్తూ కూర్చుంది. సారు తన గ్లాసు ఎత్తి గుటకేసి, నాలుక కాలి, ఎగిరి గంతేసి, పెరట్లోకి పరిగెత్తారు.

పుష్పకు ఏమీ అర్థం కాలేదు. "అక్కా, సార్ థర్మామీటర్ ఏది?"

"థర్మామీటరా?" దేవమ్మ నవ్వింది. "మా ఇంట్ల ఏనాడన్న ఉంటె గదా బిడ్డా! పోరగాండ్లకు జరమొస్తె చెయ్యి పెట్టి చూసుడే. ఈయనకు ఉడుకు సల్ల సోయె ఉండదు. మొన్న కుతకుత ఉడికే పప్పుచారు తాగి, నోరంత పొక్కిచ్చుకుని, ఉప్పు తక్కువైందన్నడు."

"కాలేజిల అన్నిట్ల పెడ్తరక్కా. చాయల, బజ్జీల..."

"గీ మనిషా?" అంది దేవమ్మ, వేరే ఎవరి మొగుడి సంగతో వింటున్నట్టు.

పుష్ప గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఒకరోజు, పొయ్యి మీది బీకర్‌ను ఆమె ఉత్త చేత్తో దించింది. ఆ పక్కనే సారు ఉన్నారు. వేళ్ళ మీద బొబ్బలు లేస్తుంటే, "నాకు అలవాటే సార్," అని నవ్వింది. మరునాటి నుంచే ఆయన జేబులో గాజుకడ్డీ మొలిచింది. తను కొత్తది కాబట్టి, ఆయన పుట్టినప్పటి నుంచీ అంతేననుకుంది.

అయితే ఈయనకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. చెవులు వేడెక్కాయి. సిగ్గో, భయమో, ఏడుపో ఆమెకే తెలియలేదు. తిరుగు ప్రయాణంలో ఆటో బయటికే చూస్తూ కూర్చుంది. దిమ్మె కారిపోయినందుకు దిగులు పడుతోందని సారు అనుకున్నారు.

"రంది పెట్టుకోకమ్మా," అన్నారు కాలిన నాలుకతో. "సంజీవ్ పంపుతడు."

సమ్మె ముగిసి కాలేజీ తెరిచాక ఒక మధ్యాహ్నం సంజీవ్ ఫోన్ చేశాడు. ల్యాబ్‌లో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి సారు కిటికీలోంచి సగం బయటికి వంగి అరుస్తున్నారు. పుష్ప ట్యూబులు కడుగుతూ విన్నది.

"ఏందిరా? గోడలు గుల్లగ పెడితె పని పెరుగుతదా? పెరగనీ. కాలువలు రెండు తక్కువైనా సరే, గుల్ల మాత్రం తియ్యకు... ఎందుకంటె ఏం జెప్పాలె? ముట్టినోళ్ళ చెయ్యి కాలొద్దురా! అందరి చేతులు చెప్పవురా కాలుతున్నదని!"

నల్లా కింద పుష్ప చేతులు ఆగిపోయాయి. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

కొన్నాళ్ళకు దిమ్మె వచ్చింది. ఇటుకంత సైజు, బూడిదరంగు, గరుకైన ఒళ్ళు. ప్రిన్సిపాల్ స్టాఫందరినీ వెంటబెట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. బామ్మర్ది బిడ్డ కూడా వచ్చింది, ఉద్యోగం ఎక్కడుందో చూసుకోవడానికి.

మోటరు తిరిగింది, నీళ్ళు మసిలాయి. ట్యూబుల్లో నీళ్ళు నింపి గుంటల్లో నిలబెట్టారు. గుంటల మూతులు గరాటులా వెడల్పుగా ఉన్నాయి. ట్యూబును పట్టి గురి చూసి దించే పని లేదు, వదిలితే తనే కుదురుకుంటుంది. కాసేపు ఆగాక ప్రిన్సిపాల్ తనే థర్మామీటర్ తీసుకుని నడిమి గుంట చూశాడు, అంచు గుంటలు చూశాడు. మళ్ళీ చూశాడు. అన్నిట్లో ఒకటే అంకె.

"సరే, సమానంగనే కాగింది," అన్నాడు అయిష్టంగా. "ఇప్పుడీ పిల్లను దించుమనుండ్రి, చూద్దాం."

పుష్ప మోటరు ఆపి గొట్టాలు విప్పింది. సారు వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు. జేబులోంచి ఏమీ తీయలేదు. ఆమె రెండు అరచేతులతో దిమ్మెను ట్యూబులతో సహా ఎత్తింది.

"అరె అరె! కాలుతది!" అని ప్రిన్సిపాల్ అరిచాడు.

పుష్ప తొణక్కుండా నడిచి దాన్ని అవతలి బల్ల మీద పెట్టింది. ప్రిన్సిపాల్ నమ్మలేక దిమ్మె పక్కకు వేలు ఆనించాడు. గోరువెచ్చగా ఉంది. పక్కలు అట్లా ఉంటే లోపలా చల్లారిపోయి ఉంటుందిలెమ్మని, ధీమాగా ఒక ట్యూబును బయటికి లాగాడు. మరుక్షణం కెవ్వుమని వదిలేశాడు. అది నేల మీద పడి వెయ్యి ముక్కలైంది.

"సార్," అన్నారు జలపతి సారు ఎంతో వినయంగా, "ఇప్పుడు తప్పు ఎవరిదందాం?"

ప్రిన్సిపాల్ వేలు నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "గాజుది," అన్నాడు. బామ్మర్ది బిడ్డ ఫక్కున నవ్వింది. ఆ రోజు తర్వాత ఆ ఉద్యోగం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అందరూ వెళ్ళిపోయాక పుష్ప గాజుముక్కలు ఊడ్చి, చీపురు పక్కన పెట్టి, సారు ముందు నిలబడింది.

"సార్, నా వేళ్ళకు సోయి లేదు. చిన్నప్పుడు నాకు కుష్ఠు అయ్యింది. నయమైంది." ఇంటి బయట ఆ మాట ఒక మనిషితో అనడం ఆమెకు అదే మొదలు.

సారు కళ్ళద్దాలు తీసి తుడిచారు.

"పుష్పా, అది సిలబస్‌ల లేదమ్మా," అన్నారు. "సిలబస్‌ల లేనిది నేను చెప్పను, వినను."

ఆమె నవ్వింది. తర్వాత కొంచెం ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. ఆ మరుసటి ఏడు కొత్త పిల్లలు ల్యాబ్‌కు వచ్చినప్పుడు మొదటి రోజే వాళ్ళకు చేతులు చూపించి చెప్పింది: "నా వేళ్ళకు ఉడుకు తెల్వది. నేను పట్టుకున్న కదా అని మీరు పట్టుకోకుండ్రి." ఎవరూ పారిపోలేదు. ఒక అమ్మాయి మాత్రం, "మేడం, అయితె మీకు చలి గూడ పెట్టదా?" అని ఆశగా అడిగింది.

జలపతి సారుకు థర్మామీటర్ పని తప్పిపోయింది. ఊరికే ఉండగలిగే మనిషి కాదు కాబట్టి వారం తిరక్కముందే ఇంకో పిచ్చి పట్టుకున్నారు. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, రోడ్డు మీద వచ్చే ప్రతి బస్సు బోర్డునూ గొంతెత్తి చదవడం.

"ధర్మపురి! ... కోరుట్ల, మెట్‌పల్లి! ... ఇది ఎక్స్‌ప్రెస్, ఆగదు!"

"ఈయనకు ముదిరింది," అన్నాడు ఇంగ్లిష్ లెక్చరర్. స్టాఫంతా నవ్వారు.

పుష్ప నవ్వలేదు. ఈసారి ఎవరికో అని మెల్లగా చుట్టూ చూసింది. గేటు పక్కన, ఈమధ్యే రెండు కళ్ళలో పువ్వు పూసి చూపు మసకబారిన వాచ్‌మన్ భూమయ్య, ధర్మపురి అన్న మాట వినగానే టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని, తనే బోర్డు చదివినంత దర్జాగా బస్సు వైపు నడుస్తున్నాడు.